సెక్షన్ 8 అద్దె వోచర్: ఇల్లు దొరికాక గట్టి అండ, దొరికేదాకా ఒంటరి వెతుకులాట

అమెరికాలో తక్కువ ఆదాయంతో ప్రైవేటు ఇళ్లలో అద్దెకు ఉంటున్నవారికి ఫెడరల్ ప్రభుత్వం చేసే సాయాల్లో అన్నిటికన్నా పెద్దది హౌసింగ్ చాయిస్ వోచర్, అంటే ఇల్లు మనమే వెతుక్కుంటే అద్దెలో కొంత భాగం ప్రభుత్వం కడుతుందన్న హామీ కాగితం. ఆ పేరుతో దాన్ని పిలిచేవారు తక్కువ. దరఖాస్తుదారులకూ, ఇంటి యజమానులకూ, కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగులకూ అది సెక్షన్ 8. సుమారు 23 లక్షల కుటుంబాలు దీని అండతో అద్దె కట్టుకోగలుగుతున్నాయి. మన తెలుగువారి మధ్య అమెరికా ఇళ్ల ప్రస్తావన వస్తే మాట ఎప్పుడూ కొనుగోలు మీదికీ, వడ్డీ రేట్ల మీదికీ, మంచి బడి ఉన్న పేటల మీదికీ పోతుంది గాని, నెల తిరిగేసరికి అద్దె కట్టలేక నలిగిపోయే తెలుగువారు కూడా ఇక్కడ ఉన్నారన్న సంగతి మీదికి రాదు. పిల్లల స్పాన్సర్‌షిప్‌తో గ్రీన్‌కార్డు మీద వచ్చి, ఏ కారణం చేతనో వేరే కాపురం పెట్టుకోవలసివచ్చిన వృద్ధ దంపతులు, భర్త నుంచి విడిపోయి పిల్లలతో మిగిలిన తల్లులు, గ్యాస్ స్టేషన్లలో గంటల లెక్కన పనిచేసేవారు ఆ కోవలోకి వస్తారు. అలాంటివారి కాగితాలు నింపడంలో కొంతకాలంగా సాయపడుతున్న మనిషిగా, ఈ సేవ ఎలా ఉందో, ఎక్కడ నిలబెడుతుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వోచర్ ఒకసారి లీజుగా మారిందంటే, పేద కుటుంబానికి ఇంతకన్నా మేలైన అద్దె సాయం ఈ దేశంలో మరొకటి నాకు కనబడలేదు. కాని వోచర్ కాగితం చేతికి వచ్చిన రోజుకూ లీజు మీద సంతకం పడే రోజుకూ మధ్య ఉన్న కొద్ది వారాల్లో ప్రభుత్వం దాదాపుగా పక్కకు తప్పుకుంటుంది. డబ్బు, కారు, క్రెడిట్ స్కోరు, తీరిక ఏవీ లేని మనిషిని, ఒప్పుకుని తీరవలసిన అవసరం లేని ఇంటి యజమానుల ముందు ఒంటరిగా నిలబెడుతుంది. ఈ పథకం లోపాల్లో అన్నిటికన్నా బాధాకరమైనది నా దృష్టిలో ఇదే. అన్నిటికన్నా తేలికగా సరిదిద్దగలిగినదీ ఇదే.

1937 నాటి గృహనిర్మాణ చట్టానికి 1974లో కాంగ్రెస్ కొత్తగా చేర్చిన ఎనిమిదో సెక్షన్ నుంచి ఈ పేరు వచ్చింది. అంతకుముందు దాదాపు నాలుగు దశాబ్దాలు ప్రభుత్వ సాయమంటే ప్రధానంగా ప్రభుత్వమే కట్టించి అద్దెకిచ్చే ఇళ్లు. పెద్ద నగరాల్లో ఆ సముదాయాలు చాలాచోట్ల పేదరికాన్ని ఒకేచోట పోగుచేశాయి. 1974 చట్టం ఇల్లు అద్దెదారే మార్కెట్లో చూసుకోవాలనీ, అద్దెలో కొంత భాగం ప్రభుత్వం భరించాలనీ నిర్ణయించింది. ఆ తర్వాత సర్టిఫికెట్లు, వోచర్లు అని రెండు రకాలుగా నడిచిన సాయాన్ని 1998 చట్టం కలిపి ఇప్పటి రూపానికి తెచ్చింది. నిధులూ నియమాలూ హడ్ అని అందరూ పిలిచే గృహ, నగరాభివృద్ధి శాఖవి. నడిపేవి మాత్రం దేశమంతటా ఉన్న 2,000కు పైగా స్థానిక హౌసింగ్ అథారిటీలు. చట్టం ఒకటే అయినా అథారిటీల తీరు వేరువేరు కాబట్టి, ఒక ఊరివారి అనుభవం పక్క కౌంటీవారికి అక్కరకు రాకపోవచ్చు.

లెక్క ఎలా వేస్తారో తెలియక చాలామంది ఈ సాయాన్ని మరీ తక్కువగానో, మరీ ఎక్కువగానో ఊహించుకుంటారు కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెబుతాను. అర్హతకు కుటుంబ ఆదాయం సాధారణంగా ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలకు అంతకన్నా ఎక్కువ, సగానికి తక్కువ వచ్చే మొత్తంలో) సగానికి మించకూడదు. అయితే ఏటా కొత్తగా చేర్చుకునే కుటుంబాల్లో నాలుగింట మూడు వంతులు అంతకన్నా దిగువన, అంటే మధ్యస్థ ఆదాయంలో 30 శాతం, ఫెడరల్ పేదరిక రేఖ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి లోబడి ఉండాలి. చేరిన కుటుంబం అద్దె వాటా స్థూలంగా సవరించిన నెలసరి ఆదాయంలో 30 శాతం. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, ఏడాదికి 24,000 డాలర్ల జీతం అనుకుందాం. పిల్లల తలకు 480 డాలర్ల చొప్పున మినహాయిస్తే (ఈ మొత్తం ధరల సూచీని బట్టి మారుతుంది) 23,040 మిగులుతుంది, అంటే నెలకు 1,920. అందులో 30 శాతం 576 డాలర్లు. రెండు పడకగదుల ఇంటికి సాయం లెక్కలో పైహద్దుగా అథారిటీ పెట్టుకున్న ప్రమాణం, అంటే పేమెంట్ స్టాండర్డ్, 1,600 అయితే, అందులో 576 పోగా మిగిలిన 1,024 డాలర్లను అథారిటీ నేరుగా యజమానికి చెల్లిస్తుంది. ఆమె 1,500 డాలర్ల అద్దెకు ఇల్లు చూసుకోగా, కరెంటు, గ్యాస్ వంటి ఖర్చులకు అథారిటీ 120 లెక్కగట్టిందనుకుంటే, మొత్తం 1,620 అవుతుంది. అందులోంచి అథారిటీ ఇచ్చే 1,024 పోగా ఆమె మీద పడేది 596. అందులో 120 బిల్లులకు పోగా యజమానికి కట్టేది 476. వోచర్ లేకపోతే నెలకు 2,000 డాలర్ల జీతంలోంచి 1,620 ఇంటికే పోసి, మిగిలిన దానితో ముగ్గురు బతకాలి.

అదే తల్లి 1,900 డాలర్ల ఇల్లు కావాలంటే అథారిటీ ఒప్పుకోదు. ప్రమాణానికి మించిన అద్దె ఇల్లు తీసుకునేటప్పుడు, లీజు మొదట్లో కుటుంబం వాటా సవరించిన ఆదాయంలో 40 శాతం, అంటే ఈ ఉదాహరణలో 768 డాలర్లు, దాటకూడదన్నది నియమం. ఈ పరిమితి మీద కొందరికి కోపం ఉంది గాని నేను దీన్ని సమర్థిస్తాను, ఎందుకంటే ఇది లేకపోతే మంచి ఇంటి ఆశతో తలకు మించిన అద్దెకు సంతకం పెట్టి, మూడు నెలలు తిరిగేసరికి కోర్టు నోటీసు అందుకునేవారు ఎందరో ఉంటారు. నా అభ్యంతరం పేమెంట్ స్టాండర్డ్ మీద. దానికి ఆధారం హడ్ ప్రతి ఏడాదీ ప్రకటించే ఫెయిర్ మార్కెట్ రెంటు. అది ఆ ప్రాంతపు అద్దెల్లో దిగువ నుంచి 40వ శాతం దగ్గర నిలిచే మొత్తం. అథారిటీ దానికి 90 నుంచి 110 శాతం మధ్య తన ప్రమాణం పెట్టుకోవచ్చు. మహానగరం మొత్తానికి ఒకే సంఖ్య వేసినప్పుడు మంచి బడి, పార్కు, బస్సు ఉన్న పేటల్లో అది చాలదు, వెనకబడిన పేటల్లోనేమో అవసరానికి మించుతుంది. ఫలితంగా వోచరుదారులంతా మళ్లీ అవే పేటలకు చేరుతారు. డల్లస్ ప్రాంతంలో 2011లో మొదలైన జిప్‌కోడ్ (మన పిన్‌కోడ్ వంటిది) వారీ లెక్కను 2016 నాటి నియమం 24 మహానగర ప్రాంతాలకు తప్పనిసరి చేసింది, 2025 నుంచి మరో 41 ప్రాంతాలు ఆ జాబితాలో చేరాయి. ఈ మార్పు సరైనది. రావడంలోనే ఆలస్యమైంది.

ఇల్లు దొరికి, కుటుంబం స్థిరపడ్డాక ఈ సేవ నిజంగా అండగా నిలుస్తుంది. జీతం తగ్గినా, పని పోయినా ఆ సంగతి అథారిటీకి తెలిపితే కుటుంబం వాటా కూడా తగ్గుతుంది. మామూలు అద్దెదారుకు ఉద్యోగం పోతే అద్దె అలాగే ఉంటుంది, వోచరుదారుకు అద్దె కూడా ఆదాయంతోపాటు దిగుతుంది. ఈ ఒక్క గుణం కోసమే ఈ పథకాన్ని కాపాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కుటుంబ పెద్దకో, జీవిత భాగస్వామికో 62 ఏళ్లు నిండిన కుటుంబాలకూ, వికలాంగుల కుటుంబాలకూ అదనపు మినహాయింపు ఉంటుంది. వారి మందుల, ఆస్పత్రుల ఖర్చు ఒక హద్దు దాటితే అది కూడా ఆదాయంలోంచి తీసేస్తారు. యజమాని అద్దె పెంచాలంటే, చుట్టుపక్కల వోచర్ లేని ఇళ్ల అద్దెతో పోల్చి అది సమంజసమేనని అథారిటీ తేల్చాలి. లీజులో రాసినదానికి మించి లోపాయకారీగా ఒక్క డాలరు తీసుకోవడం కూడా నిషిద్ధం. మరమ్మతులు చేయనందుకు యజమానికి అథారిటీ చెల్లింపు ఆపేస్తే, ఆ బాకీని అద్దెదారు నెత్తిన రుద్దే హక్కు యజమానికి లేదు. మొదట్లో కొన్ని షరతులున్నా, ఆ తర్వాత వోచర్‌ను దేశంలో ఈ పథకం నడిచే మరే ప్రాంతానికైనా తీసుకుపోవచ్చు.

వోచర్ వల్ల నిజంగా జీవితాలు మారతాయా అన్న ప్రశ్నకు పరిశోధనల్లో స్పష్టమైన జవాబు ఉంది. ఇల్లు లేనివారు తలదాచుకునే షెల్టర్లలో ఉన్న 2,200కు పైగా కుటుంబాలను 12 ప్రాంతాల్లో అనుసరించిన ఫ్యామిలీ ఆప్షన్స్ అధ్యయనంలో, వోచర్ వంటి దీర్ఘకాలిక సాయానికి ప్రాధాన్యం దొరికిన కుటుంబాల్లో మళ్లీ ఇల్లు లేకుండా పోవడం, ఆ ప్రాధాన్యం దొరకనివారితో పోలిస్తే, మూడేళ్ల తర్వాత కూడా దాదాపు సగానికి తగ్గింది. 1994లో బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలస్, న్యూయార్క్ నగరాల్లో మొదలై, పేద కుటుంబాలకు వోచర్లిచ్చి పేదరికం తక్కువున్న పేటలకు మారే వీలు కల్పించిన మూవింగ్ టు ఆపర్చ్యూనిటీ ప్రయోగం మొదటి ఫలితాలు కొందరిని నిరాశపరిచాయి, ఎందుకంటే మెరుగైన పేటకు మారినా పెద్దవారి సంపాదన పెరగలేదు. కాని ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, నథానియెల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ అదే ప్రయోగంలోని పిల్లలు పెద్దయ్యాక వెలువరించిన ఫలితాల ప్రకారం, పదమూడేళ్లలోపు వయసులో పేదరికం తక్కువున్న పేటలకు మారిన పిల్లలు ఇరవైల మధ్యకు వచ్చేసరికి, మారనివారికన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అద్దె సాయం ఫలితం ఒక తరం ఆగాక గాని పూర్తిగా కనబడదన్నది ఈ సమీక్ష చదివేవారు గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక్కడ ఒక అనుమానానికి జవాబు చెప్పాలి. ప్రభుత్వం అద్దె భరిస్తే యజమానులు అద్దెలు పెంచేస్తారు కదా అని చదువుకున్నవారు కూడా అంటుంటారు. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. ఫ్రాన్సులో గృహ సాయం విస్తరించినప్పుడు అందులో ఎక్కువ భాగం అద్దెల పెరుగుదలలోనే పోయిందని ఆర్థికవేత్త గాబ్రియెల్ ఫాక్ అధ్యయనం తేల్చింది. అయితే అమెరికాలో 1970ల్లో విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే, ఇండియానాలోని సౌత్ బెండ్ ప్రాంతాల్లో అర్హులందరికీ సాయం ఇచ్చి చూసిన ప్రయోగంలో అద్దెలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. అద్దె సమంజసమేనా అని చూసే నియమం, చెల్లింపుకు పైహద్దు, ఇళ్ల సరఫరాకు కొంత వీలు ఉన్నచోట ఆ ప్రమాదం అదుపులో ఉంటుందని నా నమ్మకం.

ఇక లోపాల్లోకి వస్తాను. మొదటిది నిరీక్షణ. తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులకు అర్హత ఉంటే అవి అందుతాయి. వోచర్ అలా కాదు. కాంగ్రెస్ ఏటా ఎంత డబ్బు ఇస్తే అంతవరకే. ఫెడరల్ అద్దె సాయానికి అర్హత ఉన్న కుటుంబాల్లో సుమారు నాలుగింట ఒకదానికి మాత్రమే అది అందుతోంది. వెయిటింగ్ లిస్టులు చాలాచోట్ల ఏళ్ల తరబడి మూసే ఉంటాయి, తెరిచినప్పుడు కూడా కొన్ని రోజులే. లాస్ ఏంజెలస్ నగర అథారిటీ 2022 అక్టోబరులో జాబితా తెరిస్తే 30,000 స్థానాలకు 2,20,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. న్యూయార్క్‌లో 2024 జూన్‌లో, దాదాపు 15 ఏళ్ల తర్వాత తెరిచినప్పుడు 6,30,000 దాటాయి. లాటరీ తీసి 2,00,000 మందిని జాబితాలో చేర్చారు. లాటరీలో పేరు రావడమంటే వోచర్ రావడం కాదు, వరసలో నిలబడే అర్హత రావడం. నిధుల కొరత అథారిటీ చేతిలోది కాదని నాకు తెలుసు, అందుకే ఈ లోపాన్ని కాంగ్రెస్ ఖాతాలో వేస్తాను. కాని ఆ వరసలో ఎక్కడున్నామో, ఇంకెన్నాళ్లు పట్టవచ్చో దరఖాస్తుదారుకు సూటిగా చెప్పడానికి అదనపు నిధులేమీ అక్కర్లేదు. ఆ మర్యాద కూడా పాటించని కార్యాలయాలను నేను చూశాను.

అసలు కష్టం వోచర్ వచ్చాక మొదలవుతుంది. చేతికి ఇచ్చే కాగితం మీద గడువు ఉంటుంది. నియమం ప్రకారం అది కనీసం 60 రోజులు, పొడిగింపు సాధారణంగా అథారిటీ ఇష్టం. ఆ గడువులో ఇల్లు వెతకాలి, యజమానిని ఒప్పించాలి, ఇద్దరూ కలిసి రిక్వెస్ట్ ఫర్ టెనెన్సీ అప్రూవల్ అనే ఫారం అథారిటీకి ఇవ్వాలి. అద్దె సమంజసమని తేలి, ఇల్లు తనిఖీలో నెగ్గితే తప్ప చెల్లింపు మొదలు కాదు. ఏళ్ల తరబడి వేచి చూసి వోచర్ అందుకున్న కుటుంబాల్లో, 2019 నాటి లెక్కల ప్రకారం, ఆరు నెలల్లో దాన్ని వాడుకోగలిగినవి సుమారు 60 శాతమే. మిగిలినవారి వోచర్ వెనక్కి పోయి వరసలోని మరొకరికి అందుతుంది. వారికి మాత్రం నిరీక్షణ మళ్లీ మొదటికి వస్తుంది. కష్టపడి గెలిచినదాన్ని కాగితంగానే తిరిగి ఇచ్చివచ్చిన మనిషి ముఖం చూసినవారికి ఈ 60 శాతం మంచి ఫలితమని అనిపించదు.

కారణాల్లో మొదటిది యజమానుల నిరాకరణ. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2018లో ఐదు ప్రాంతాల్లో ఫోన్లు చేసి పరీక్షించినప్పుడు, వోచర్ అనగానే కాదన్నవారు టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 78 శాతం, లాస్ ఏంజెలస్‌లో 76 శాతం, ఫిలడెల్ఫియాలో 67 శాతం, న్యూఆర్క్‌లో 31 శాతం, వాషింగ్టన్ డీసీలో 15 శాతం. ఈ అంకెల మధ్య ఇంత తేడా ఉండటంలో చట్టం పాత్ర ఉంది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, జాతీయ మూలం మీద, తర్వాతి సవరణలతో లింగం, వైకల్యం, పిల్లలుండటం మీద వివక్షను నిషేధించింది గాని, అద్దె ఏ డబ్బుతో కడతారన్న దాని మీద వివక్షను నిషేధించలేదు. ఆ పని కొన్ని రాష్ట్రాలూ నగరాలూ సొంతంగా చేసుకున్నాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి వోచర్ ఉందన్న కారణంతో అద్దెదారును తిరస్కరించడం చట్టవిరుద్ధం. టెక్సస్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టి, నగరాలు అలాంటి రక్షణ కల్పించకుండా 2015లో అడ్డుకట్ట వేసింది. చట్టమొక్కటే చాలదని ఫిలడెల్ఫియా అంకె చెబుతోంది, ఎందుకంటే అక్కడ అప్పటికే నిషేధం ఉంది. అమలు చేసేవారు లేని నిషేధం కాగితం మీదే మిగిలిపోతుంది.

యజమానుల నిరాకరణ అంతా దురభిప్రాయమేనని అనడం న్యాయం కాదు. మామూలు అద్దెదారు ఈ వారం సంతకం పెట్టి పై వారం దిగుతాడు. వోచరుదారు విషయంలో ఫారం, తనిఖీ, మరమ్మతు, మళ్లీ తనిఖీ అంటూ వారాలు గడుస్తుంటే ఆ ఖాళీ రోజుల అద్దె యజమానికి నష్టం. ఒకటి రెండు ఇళ్లు మాత్రమే ఉన్న చిన్న యజమాని దాన్ని భరించలేడు. అలాగని తనిఖీ వద్దని నేను అనను. పనిచేయని పొగ అలారం, తెరుచుకోని కిటికీ, 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడుతున్న సీసం రంగు చిన్నపిల్లల ప్రాణాల మీదికి తెస్తాయి. పేదవారి ఇంటిని ఎవరో ఒకరు వచ్చి చూడటం ఈ సేవలోని గొప్ప విషయం. కావలసింది తనిఖీ త్వరగా జరగడం. ఫారం అందిన వారంలోపే ఇన్‌స్పెక్టరును పంపే అథారిటీ ఉన్న ఊళ్లో యజమానులు వోచర్‌కు తలుపు తీయడం నేను గమనించాను, ఫోను ఎత్తని అథారిటీ ఉన్న ఊళ్లో తలుపు మూసుకోవడమూ గమనించాను.

డబ్బు దగ్గర మరో అడ్డంకి ఉంది. వోచర్ నెలసరి అద్దెకు సాయపడుతుంది గాని సెక్యూరిటీ డిపాజిట్‌కు సాధారణంగా సాయపడదు. ప్రతి అపార్ట్‌మెంటుకూ విడిగా కట్టవలసిన దరఖాస్తు రుసుము కూడా సొంత జేబులోంచే. చేతిలో నగదు లేనందుకే సాయం అవసరమైన మనిషి, సాయం అందుకోవడానికి నగదు పోగుచేయాలి. కొన్ని అథారిటీలు, కొన్ని స్వచ్ఛంద సంస్థలు డిపాజిట్‌కు విడిగా సాయం చేస్తాయి. వోచర్ ఇచ్చే రోజునే ఆ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ దశను ఎలా బాగుచేయాలో ఎవరికీ తెలియదనడానికి లేదు. సియాటిల్, కింగ్ కౌంటీ అథారిటీలు పరిశోధకులతో కలిసి ఒక ప్రయోగం చేశాయి. కొన్ని కుటుంబాలకు మామూలు వోచర్, మరికొన్నిటికి వోచర్‌తోపాటు ఇల్లు వెతకడంలో తోడుండే మనిషి, యజమానులతో నేరుగా మాట్లాడటం, డిపాజిట్‌కు కొంత సాయం అందించాయి. మొదటి వర్గంలో పిల్లల భవిష్యత్తుకు మేలైన పేటలకు చేరినవారు 15 శాతం. తోడు దొరికిన వర్గంలో 53 శాతం. వెనకబడిన పేటల్లోనే ఉండిపోవడం పేదల ఇష్టమేనని చెప్పేవారికి ఇంతకన్నా సూటి జవాబు నేను చూడలేదు. ఇది అన్ని అథారిటీల్లోనూ మామూలు సేవగా లేకపోవడం నా ప్రధాన ఫిర్యాదు.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా తెలియవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. హెచ్‌వన్‌బీ, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక హోదాలవారికి ఈ సాయం లేదు. పౌరులు, గ్రీన్‌కార్డుదారులు, శరణార్థులు, ఆశ్రయం పొందినవారు వంటి కొన్ని వర్గాలకే ఉంది. కుటుంబంలో కొందరికే అర్హత ఉంటే వారి నిష్పత్తిలో సాయం ఇవ్వడం ఇంతవరకు అమలులో ఉన్న పద్ధతి. అంటే ఇక్కడ పుట్టిన పిల్లలతో మిగిలిన తల్లి తన వీసా చూసుకుని ముందే ఆశ వదులుకోనక్కర్లేదు. అయితే గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నవారు ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును అడగాలి, ఎందుకంటే గ్రీన్‌కార్డు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ సాయాన్ని లెక్కలోకి తీసుకునే నియమం 2019లో కఠినమై, 2021లో రద్దయింది. అది మళ్లీ మారదన్న భరోసా లేదు. కొడుకు లేదా కూతురు తమ పేరు మీదున్న మరో ఇంటిని తల్లిదండ్రులకు వోచర్ మీద అద్దెకివ్వడం కుదరదు. తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, మనవలు, తోబుట్టువులు యజమానులైతే, ఇంట్లో వికలాంగులుండి అది తప్పనిసరని అథారిటీ ఒప్పుకుంటే తప్ప అనుమతి ఉండదు. పెద్దలకు ముఖ్యమైనది మరొకటి: వోచర్ ఇంటికి కుటుంబమంతా వరసగా 180 రోజులకు మించి దూరంగా ఉండకూడదు, అథారిటీ అంతకన్నా తక్కువ గడువు కూడా పెట్టుకోవచ్చు. సంక్రాంతికి ఇండియా వెళ్లి ఎండాకాలం దాటాక వద్దామనుకునేవారు టికెట్ కొనకముందే తమ అథారిటీ నియమం ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అనుమతి లేకుండా కొత్త మనిషిని ఇంట్లో ఉంచుకోవడం కూడా సాయం పోవడానికి కారణం కాగలదు.

గృహహింస విషయంలో ఈ పథకం మంచి వైపు నిలబడింది. హింసకు గురైనందుకు వోచర్ నిరాకరించడానికీ, తీసేయడానికీ వీల్లేదు. కుటుంబం విడిపోతే సాయం బాధితురాలి దగ్గరే ఉండేలా అథారిటీ చూడాలి. ఈ సంగతి తెలియక, వోచర్ భర్త పేరు మీద ఉందన్న భయంతో దెబ్బలు భరిస్తున్నవారు ఎవరైనా మీకు తెలిస్తే వారికి ఇది చెప్పండి.

వార్షిక పునఃపరిశీలనలో జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంట్లోవారి వివరాలు మళ్లీ ఇవ్వాలి. పని విసుగు పుట్టించేదే అయినా అన్యాయమైనది కాదు. సాయం ఆపుతామన్న నోటీసు వస్తే, వినతి చెప్పుకునే హియరింగ్ కోరే హక్కు ఉంటుంది. నోటీసులో రాసిన గడువులోపే కోరాలి, ఉచిత న్యాయ సహాయ సంస్థలు ఇలాంటి కేసులు చూస్తాయి. ఆదాయం పెరిగితే వాటా పెరుగుతుందని పనికి వెనకాడేవారికి ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ అనే అనుబంధ పథకం ఉంది. 1990 నాటి చట్టంతో వచ్చిన ఈ పథకంలో, జీతం పెరిగినందువల్ల పెరిగిన అద్దె వాటాకు సరిపడా మొత్తాన్ని కుటుంబం పేర పొదుపు ఖాతాలో వేస్తూ పోయి, ఒప్పందం పూర్తయ్యాక వారికే ఇస్తారు. అన్ని అథారిటీల్లోనూ లేదు, ఉన్నచోట కూడా అడిగితే తప్ప చెప్పరు.

నిధుల మీద భరోసా ఎంత పలచనిదో ఇటీవలి అనుభవం చూపించింది. కోవిడ్ కాలంలో 2021 చట్టంతో ఇచ్చిన 70,000 అత్యవసర వోచర్లకు కేటాయించిన 500 కోట్ల డాలర్లు అనుకున్నదానికన్నా ముందే అయిపోవస్తున్నాయనీ, మళ్లీ నిధులు రావనీ 2025లో హడ్ అథారిటీలకు తెలియజేసింది. షెల్టర్ల నుంచి, హింస నుంచి బయటపడి స్థిరపడిన కుటుంబాలు అవి. మామూలు వోచర్లు వేరే పద్దు కింద ఏటా పునరుద్ధరణ అవుతాయి కాబట్టి వాటికి ఆ స్థితి లేదు, కాని అత్యవసర వోచర్ ఉన్నవారు తమను మామూలు జాబితాలోకి మార్చే వీలుందేమో అథారిటీని వెంటనే అడగాలి.

దరఖాస్తు చేయదలచినవారు మీ నగరంతోపాటు చుట్టుపక్కల కౌంటీల అథారిటీల జాబితాలు కూడా చూడండి. చాలాచోట్ల ఆ ఊళ్లో ఉండకపోయినా దరఖాస్తు చేయనిస్తారు, స్థానికులకు ప్రాధాన్యం మాత్రం ఉండవచ్చు. దరఖాస్తుకు రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా మోసమే. జాబితాలో పేరు చేరాక అథారిటీ అప్పుడప్పుడు ఉత్తరమో ఈమెయిలో పంపి ఇంకా ఆసక్తి ఉందా అని అడుగుతుంది. గడువులోపు జవాబు రాకపోతే పేరు కొట్టేస్తుంది. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా, పేరు నమోదైన ప్రతి అథారిటీకీ విడివిడిగా తెలిపి, తెలిపినట్టు రుజువు దాచుకోండి.